కరెంటు అన్న మాట

ముప్పై ఏళ్ళు గుడివాడలో పదో తరగతి పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. విద్యుత్తు ఒక పాఠం, కాంతి ఇంకో పాఠం. ఆ రెండింటినీ కలగాపులగం చేసి రాసిన పేపర్ల మీద ఎర్ర సిరాతో సున్నాలు చుట్టినదాన్ని. అలాంటి నేనే ఆసుపత్రి వరండాలో నిలబడి మా పిన్నితో "ఆపరేషన్ చెయ్యరంట పిన్నీ, కరెంటు పెడతారంట" అన్నాను. ఆ ఒక్క మాటతో ఐదు వారాలు పోయాయి. ఆ ఐదు వారాల్లో ఏం జరిగిందో ఇప్పటికీ ఎవరూ నాకు కచ్చితంగా చెప్పలేదు.

మా వైపు అందరూ ఆ మాటే అంటారు. క్యాన్సర్ వచ్చిన మనిషికి రేడియేషన్ ఇస్తుంటే "కరెంటు పెడుతున్నారు" అంటారు. బస్సులో అంటారు, పెళ్ళిలో అంటారు, ఆసుపత్రిలో చీటీలు పిలిచే ఆయా కూడా "కరెంటు వాళ్ళు ఇటు రండి" అంటుంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. చిన్నప్పటినుంచీ వింటున్న మాట కాబట్టి నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు, అదే నా కోపం.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నాకంటే నాలుగేళ్ళే పెద్ద. ఒకే మంచం మీద పడుకుని, ఒకే దువ్వెన కోసం కొట్టుకుని పెరిగాం. పేరుకే పిన్ని. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళో రెండు గేదెలతో ఒక్కతే ఉండేది. పిల్లలు లేరు. బాబాయి రొయ్యల చెరువు మీద కాపలా పని చేసేవాడు. నీళ్ళలో గాలి కొట్టే ఏరియేటర్ల వైరు ఎక్కడో చిట్లింది. అది తెలియక చెరువులోకి దిగినవాడు మళ్ళీ గట్టెక్కలేదు. పొద్దున్నే టిఫిను క్యారేజీ పట్టుకెళ్ళిన పిన్నే ముందు చూసింది. అది జరిగి ఎనిమిదేళ్ళయింది.

అప్పట్నుంచి పిన్ని స్విచ్చి మీద చెయ్యి వెయ్యలేదు. స్విచ్‌బోర్డు పక్కన మేకుకి అన్నం వడ్డించే చెక్క తెడ్డు ఒకటి తాడు కట్టి వేలాడదీసింది. లైటు వెయ్యాలన్నా తెడ్డే, ఫ్యాను ఆపాలన్నా తెడ్డే. మా ఇంటికి వచ్చినప్పుడు నా వంటింట్లో తెడ్డు మాయమైందంటే హాల్లో స్విచ్‌బోర్డు దగ్గర వెతుక్కోవాలి. "చెక్క విద్యుత్ బంధకం అని చెప్పకుండానే నేర్చుకున్నావు, నీకు నూటికి నూరు" అని నేను ఏడిపించేదాన్ని. తనూ నవ్వేది. అంతకుమించి ఆ తెడ్డు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

కంటి ఆపరేషన్ కోసం గుడివాడ వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు బయటపడింది అసలు విషయం. తన బట్టలు తనే తెల్లారకముందే ఉతికేసుకుంటోంది. నేను వాషింగ్ మెషిన్లో వేస్తానంటే వద్దంటోంది. మూడో రోజు పెరట్లో తీగ మీద ఆరేసిన లంగా చూశాను. ఎంత ఉతికినా పోని మరక.

"ఇదేంటి పిన్నీ?"

"ఏముందే. అప్పుడప్పుడు కనపడుతోంది."

"నీకు ఆగిపోయి పదిహేనేళ్ళు దాటింది కదా. ఎన్నాళ్ళనుంచి?"

"సంక్రాంతికి ముందు నుంచి అనుకుంటా. ఆడదానికి ఏదో ఒకటి ఉంటూనే ఉంటుందిలే."

అప్పటికి శ్రావణం వచ్చింది. అరవాలనిపించింది, అరిచాను కూడా. పిన్ని తల దించుకుని తీగ మీది లంగా తీసి మడత పెట్టుకుంది.

గుడివాడలో లేడీ డాక్టరు చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తరవాత రిపోర్టు చేతిలో పెట్టి విజయవాడలో పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. అక్కడ ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. నా దగ్గర చదివిన పిల్లల వయసే ఉంటుంది. స్కానింగులన్నీ చూసి, పిన్నిని బట్టలు సర్దుకోమని పక్కగదిలోకి పంపి నాతో మాట్లాడింది. అందరూ చేసే తప్పే, రోగిని పంపించి చదువుకున్నావిడతో మాట్లాడటం. అప్పుడు నాకూ అది మర్యాదగానే అనిపించింది.

"గర్భసంచి మూతి దగ్గర మొదలైందండీ. అక్కడికే ఉంటే ఆపరేషన్ చేసి తీసేసేవాళ్ళం. ఇప్పుడు పక్కలకి పాకింది. రేడియేషన్ ఇవ్వాలి, దాంతోపాటు వారానికోసారి కీమో. వెంటనే మొదలుపెట్టాలి."

వరండాలోకి వచ్చాక పిన్ని "ఏమంటోంది ఆ పిల్ల?" అంది. అప్పుడే నేను ఆ మాట అన్నది.

పిన్ని రైల్లో కిటికీ పక్కన కూర్చుని గుడివాడ దాకా బయటికే చూసింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి చీరలు సంచిలో సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. గేదెల్ని పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చిందట, చూసుకుని రెండ్రోజుల్లో వస్తానంది. నేనే బస్సెక్కించాను.

రెండ్రోజులు కాదు, వారమైనా రాలేదు. ఫోన్ చేస్తే గేదె ఈనుతోందంది, తరవాత ముసురు పట్టిందంది, తరవాత అసలు విషయం చెప్పింది.

"కోసి తీసెయ్యమను, ఇప్పుడే వస్తాను. కరెంటు మాత్రం వద్దు."

"కోస్తే పోదు పిన్నీ."

"మా వీధిలో సగం మందికి గర్భసంచి లేదు. తీయించుకున్న నెలకి నాట్లకి వెళ్ళారు. నాకున్నది ఎందుకూ పనికొచ్చిన సంచి కాదు, తీసి పారెయ్యమను."

పిల్లలు లేని మనిషి ఆ మాట అంటే ఏం చెప్తాం. ఫోన్ పెట్టేశాను. జాలి తక్కువ, కోపం ఎక్కువ. మొండితనం అనుకున్నాను. ఊళ్ళో అమ్మలక్కలు ఎక్కించిన భయం అనుకున్నాను. ఈలోగా తోట్లవల్లూరు వైపు ఎవరో వేర్లపొడి ఇస్తారని విని, బస్సులు మారి వెళ్ళి తెచ్చుకుని తేనెలో రంగరించి తాగుతోందని తెలిసింది. అది కూడా నాకు చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది.

నేనూ మెత్తబడ్డాను. నిజం చెప్పాలంటే అలసిపోయాను. కోయించుకుంటానంటోందిగా, ఏదో ఒకటి జరగనీ అనుకుని రిపోర్టులు పట్టుకుని ఒక నర్సింగ్ హోముకి వెళ్ళాను. అక్కడాయన పైపైన చూసి, తీసేద్దాం, నాలుగో రోజు ఇంటికి పంపించేస్తామన్నాడు. ఎంత తేలిగ్గా అనిపించిందో. అయినా మనసొప్పక మళ్ళీ విజయవాడ వెళ్ళి ఆ డాక్టరమ్మ ముందు కూర్చున్నాను.

"వేరే దారే లేదా అమ్మా?" అన్నాను.

ఆ పిల్ల విసుక్కోలేదు. కాగితం మీద గర్భసంచి బొమ్మ వేసింది, బోర్లించిన చెంబు ఆకారంలో. మూతి దగ్గర గీతలు గీసి, పక్కలకి కూడా గీసింది.

"ఉన్నాయండీ, దారులు లేకపోలేదు. ఇది తీసేశామనుకోండి, పక్కల ఉన్నది అక్కడే ఉంటుంది. అప్పుడు కోసిన చోట మళ్ళీ రేడియేషన్ ఇవ్వాల్సిందే. ఆవిడకి రెండు బాధలూ ఉంటాయి, లాభం మాత్రం పెరగదు. కీమో ఒక్కటే ఇస్తే కొన్నాళ్ళు తగ్గినట్టు ఉంటుంది గానీ పోదు. రేడియేషన్‌లో రెండు రకాలు. బయటి నుంచి ఐదు వారాలు, తరవాత లోపల సన్న గొట్టాలు పెట్టి మూడు నాలుగుసార్లు. చాలామంది బయటిది అయ్యాక ఇక చాలని మానేస్తారు. లోపలిది పెట్టించుకోలేమంటే బయటినుంచే ఇంకొంచెం ఇస్తాం, కానీ అది దానికి సాటి రాదు. నేనైతే మా అమ్మకి ఈ రెండూ ఇప్పిస్తాను."

ఆఖరి వాక్యం విన్నాక నేను ఇంకేమీ అడగలేదు. ఎన్నాళ్ళలో మొదలుపెట్టాలంటే, ఇప్పటికే ఆలస్యమైంది అంది.

ఆ వారమే కోడూరు బయల్దేరాను. అవనిగడ్డలో మారి, కోడూరులో ఆటో మాట్లాడుకుని ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పిన్ని చిక్కిపోయింది. నన్ను చూసి మజ్జిగ కలిపి ఇచ్చింది. ఉక్కగా ఉందంటే లేచి, మేకుకున్న తెడ్డు తీసుకుని ఫ్యాను వేసింది. నేను మజ్జిగ పక్కన పెట్టి మొదలుపెట్టాను. మొండితనమన్నాను, బతకాలని లేదా అన్నాను, నా వయసుకి నీ వెంట తిరగాలా అన్నాను. చెప్పకూడనివి కూడా చెప్పాను. అన్నీ విని చాలా నెమ్మదిగా అంది.

"మీ బాబాయిని తీసుకుపోయింది చాలదా? మళ్ళీ ఆ కరెంటు నా ఒంట్లో కూడా పెట్టించుకోవాలా? ఆ రోజు ఆయన చేతులు ఎలా ఉన్నాయో నువ్వు చూడలేదుగా."

తెడ్డు ఇంకా తన చేతిలోనే ఉంది.

ఇన్నాళ్ళూ పిన్నికి ఆ మాట వినపడింది వినపడినట్టే అర్థమైంది. తీగలు తగిలించి ఒంట్లోకి కరెంటు వదులుతారని అనుకుంది. తెడ్డుతో స్విచ్చి వేసే మనిషికి, మొగుణ్ణి చెరువు నీళ్ళలో చూసిన మనిషికి, నేను ఏం చెప్పి పంపానో అప్పుడు తెలిసింది.

అది కరెంటు కాదని చెప్పడం మొదలుపెట్టాను. అలవాటైన పనే కదా. కిరణాలన్నాను, కంటికి కనపడని వెలుతురన్నాను, తరంగాలన్నాను. బియ్యం డబ్బా మీది సుద్దముక్కతో నేల మీద గీశాను. పిన్ని శ్రద్ధగానే విని "మరి మిషను దేంతో నడుస్తుంది?" అంది.

"కరెంటుతోనే" అన్నాను.

"అదే కదా నేనన్నది."

పదో తరగతి మొద్దబ్బాయి కూడా నన్ను అంత తేలిగ్గా పట్టుకోలేదు. చివరికి, ఏమీ పెట్టించుకోవద్దు, వచ్చి చూసి వెళ్ళిపో అని బతిమాలాను. నా మొహం చూసి సరే అంది.

బందరు నుంచి వచ్చే పొద్దుటి ప్యాసింజరు గుడివాడలో ఎక్కాం. ఎదురు సీటులో ఒక ముస్లిం ఆవిడ కూర్చుని ఉంది. వయసు యాభై లోపే. ఒళ్ళో మా దగ్గరున్నలాంటి ఫైలే ఉంది, ఆ ఆసుపత్రి పచ్చ ఫైలు. దాన్ని చూసి తనే పలకరించింది. బందర్లో రోల్డుగోల్డు పని చేస్తుందట, నగలకి పూత పెట్టే చోట. పిన్నికి వచ్చిన జబ్బే ఆవిడకీ. నాలుగో వారం నడుస్తోంది.

పిన్ని ఆవిడ చేతులు పట్టి పట్టి చూసింది. "కరెంటు పెట్టించుకుంటున్నావా అమ్మా?" అంది.

"అందరూ అలా అంటారక్కా. నేను రోజూ కరెంటుతో పని చేసేదాన్నే. మా తొట్టిలో కరెంటు పెడితే నీళ్ళలో ఉన్న బంగారం వచ్చి నగకి పట్టుకుంటుంది. తడి చేత్తో రెండుసార్లు షాకు కొట్టించుకున్నాను కూడా. కరెంటు ఎలా ఉంటుందో నాకు తెలీదా? ఇది అది కాదు. ఒంటికి ఏ తీగా తగలదు. బల్ల మీద పడుకుంటాం, మిషను చుట్టూ తిరిగి ఆగిపోతుంది. ఎక్సరేనే అక్కా, కాస్త పెద్ద ఎక్సరే."

"ఎక్సరేనా?" అంది పిన్ని.

"అంతే."

పిన్ని నా వైపు తిరిగింది. "ఎక్సరే నేను రెండుసార్లు తీయించుకున్నాను కదే. కాలు విరిగినప్పుడు ఒకటి, దగ్గొచ్చినప్పుడు ఒకటి. ఆ మాట ముందే చెప్పొచ్చుగా."

నిష్ఠూరంగా అన్లేదు. దారి తెలిసినవాళ్ళు ముందే చెప్పుంటే ఇంత చుట్టు తిరిగేవాళ్ళం కాదుగా అన్నట్టు, మామూలుగా అంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎక్సరే అన్న మాట నాకు తట్టలేదు. తరంగాలు తట్టాయి, సుద్దముక్క తట్టింది.

ఆ రోజే పిన్ని ఒప్పుకుంది. మళ్ళీ స్కాను తీసి, పొట్ట మీద గుర్తులు పెట్టి, నాలుగు రోజుల్లో మొదలుపెట్టారు. వారానికి ఐదు రోజులు. పొద్దున్నే రైలు, అక్కణ్ణుంచి ఆటో, వరండాలో బల్ల, సాయంత్రం మళ్ళీ రైలు. ఒకరోజుకీ ఇంకోరోజుకీ తేడా తెలిసేది కాదు. మూత్రసంచి నిండుగా ఉండాలని సీసాడు నీళ్ళు తాగి కూర్చోమనేవాళ్ళు. తాగాక మిషను ఆగిపోయేది, లేకపోతే ముందు ఎవరిదో ఆలస్యమయ్యేది. పిన్ని కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆయాని పిలిచి "అమ్మాయ్, నా చెరువు గండి పడేట్టుంది, మీ డాక్టరుకి చెప్పు" అనేది. వరండా అంతా నవ్వేది. కీమో ఇచ్చిన రోజుల్లో మాత్రం నవ్వేది కాదు. రైలు మెట్ల దగ్గర కూర్చుని కక్కుకునేది. మూడో వారం నుంచి విరేచనాలు. రోజూ పెరుగన్నం, చప్పిడి పప్పు. అదీ సగమే తినేది. నాకు నడుం నొప్పి మొదలైంది. ఆ నొప్పి చూసుకుని నా మీద నాకే జాలి పుట్టేది, ఆ జాలికి మళ్ళీ సిగ్గేసేది. ఒకరోజు రైల్లో ఇద్దరం నిద్రపోయి గుడివాడ దాటి పెడన దాకా వెళ్ళిపోయాం. ప్లాట్‌ఫాం మీద తిరుగు బండి కోసం కూర్చున్నప్పుడు "నా మూలంగా నీకెంత యాతనే" అంది పిన్ని. "నా మూలంగానే నీకు" అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

లోపల పెట్టేది మొదలయ్యే ముందు మళ్ళీ భయపడింది. ఇది ఎక్సరే కాదని ఈసారి తనే కనిపెట్టింది. ఈసారి నేను పాఠం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నడుము కింద మొద్దుబారేట్టు మందిస్తారు, లోపల సన్న గొట్టాలు పెడతారు, గింజంత మందు ఆ గొట్టాల్లోంచి వెళ్ళి కాసేపుండి వెనక్కి వచ్చేస్తుంది, తరవాత నొప్పి ఉంటుంది, సిగ్గుగా కూడా ఉంటుంది అన్నాను. మానేస్తే ఏమవుతుందో డాక్టరమ్మ అన్న మాటలు కూడా చెప్పాను.

"నువ్వు ఎక్కడుంటావు?"

"గదిలో ఎవరూ ఉండకూడదు. బయట టీవీలో చూస్తుంటాను."

"నేను చెయ్యెత్తితే కనపడుతుందా?"

"కనపడుతుంది."

నాలుగుసార్లు వెళ్ళింది. నాలుగుసార్లూ మిషను చప్పుడు మొదలవగానే టీవీలో పిన్ని చెయ్యి కొంచెం లేచేది. తనకి నేను కనపడనని తెలిసి కూడా నేనూ ఎత్తేదాన్ని. బందరావిడకి అప్పటికే అన్నీ అయిపోయాయి. ఫోన్ చేసి కనుక్కునేది. ఆవిడకి తగ్గిపోయింది, ఇప్పటికీ బాగుంది. ఆ మాట సంతోషంగానే రాస్తున్నాను, అయినా చెయ్యి బరువెక్కుతోంది.

మూడు నెలలు ఆగి స్కాను తీశారు. మూతి దగ్గర ఉన్నదంతా పోయింది. పక్కలకి పాకింది కూడా పోయింది. అంతకంటే పైన, వెన్నుపూస పక్కన గడ్డల్లోకి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంది. మిషను అక్కడిదాకా కొట్టలేదు, ఎందుకంటే మొదలుపెట్టిన రోజు స్కానులో అక్కడ ఏమీ కనపడలేదు.

ఈసారి డాక్టరమ్మ పిన్నిని బయటికి పంపబోతే నేనే వద్దన్నాను. ఇద్దరం కూర్చుని విన్నాం. సెలైనులో మందులు ఎక్కించొచ్చు, కొన్నాళ్ళు ఆపుతాయి, పూర్తిగా పోదు. నొప్పికి మందులున్నాయి, నొప్పి పడనివ్వం అంది. పిన్ని బాత్రూముకి లేచి వెళ్ళినప్పుడు నేను అడిగాను.

"ఆ ఐదు వారాలు... ముందే వచ్చి ఉంటే?"

"చెప్పలేమండీ. అప్పటికే వెళ్ళి ఉండొచ్చు, తరవాత వెళ్ళి ఉండొచ్చు. మీరు అలా ఆలోచించకండి."

ఆలోచించకుండా ఎలా ఉంటారో మాత్రం చెప్పలేదు.

పిన్ని ఆ మందులు నాలుగుసార్లు ఎక్కించుకుని ఇక చాలంది. గేదెల దగ్గరికి వెళ్ళిపోతానంది. నేను బతిమాలలేదు. నెలకి రెండుసార్లు నొప్పి మాత్రలు పట్టుకుని కోడూరు వెళ్ళేదాన్ని. ఒకసారి వెళ్ళేసరికి సాయంత్రమైంది. పిన్ని మంచం మీద పడుకుని ఉంది, గదిలో చీకటి పడుతోంది. నేను లైటు కోసం లేవబోతే ఉండమని చెయ్యి ఊపి, తనే గోడ పట్టుకుని లేచింది. స్విచ్‌బోర్డు దాకా నెమ్మదిగా నడిచి, వేలితో స్విచ్చి నొక్కింది.

లైటు వెలిగింది. మేకుకి తాడు ఒక్కటే ఉంది.

"తెడ్డు ఏది పిన్నీ?"

"అన్నంలో ఉంది. ఇంక కరెంటు నన్నేం చేస్తుందే" అంది, వచ్చి మళ్ళీ మంచం మీద కూర్చుంటూ. "తిందువుగాని పద. వడ్డించు."

నేను వంటింట్లోకి వెళ్ళి ఆ తెడ్డుతోనే ఇద్దరికీ అన్నం పెట్టాను. ఎనిమిదేళ్ళు స్విచ్చిలు నొక్కినందుకు దాని అంచు ఒకవైపు అరిగిపోయి ఉంది.